కొవ్వూరు పూతరేకుల పర్వము

మాఘమాసపు ఎండ ఇంకను వేడి నేర్వక మెత్తగా నుండగా, గోదావరి తన వంతెనల నీడలను తానే దాటుకొనుచు, ఎవరికిని సమాధానము చెప్పవలసిన పని లేనిదానివలె నిదానముగా పారుచుండగా, అవతలి గట్టున రాజమహేంద్రవరము మంచుతెర తొలగించుకొని ఆవులించుచుండగా, ఇవతలి గట్టున కొవ్వూరునందు, రైలు పోయినపుడెల్ల వంటపాత్రలు తమంత తాము గలగలమను ఒకానొక ఇంటి పెరటిలో, కొబ్బరాకుల పందిరి క్రింద, మూడు పొయ్యిలు ఏకకాలమున రాజుకొనెను.

ఓ నాలుకా, ముందుగా నీకు నమస్కారము. ఈ కథలో ముద్దాయివి నీవే, కథ చెప్పుటకు పనికివచ్చునదియు నీవే. కావున ఎక్కువ మెలికలు తిరుగక, జరిగినది జరిగినట్లు పలుకుము.

మొగల్తూరు దాపున, సముద్రపు గాలికి తలుపుల గొళ్ళెములు తుప్పుపట్టు పల్లెలో, ఆరు రొయ్యల చెరువుల కధిపతియు, కరెంటు పోయిన చప్పుడు లేని చప్పుడును నిద్రలోనే విని లేచి జనరేటరు లాగువాడును, రొయ్యలను తుడిచిపెట్టు తెల్లమచ్చ రోగమునకు వెరవనివాడును, కొనుగోలుదారుల తీపిమాటలకు లొంగనివాడును, విశాలోదరుడును, మితభాషియు నగు అప్పాజీ అను వీరుడు గలడు. ఇట్టి ధీరునికి లోకమందు ఒక్కటియే భయము.

సూది.

రక్తపరీక్షకు చేయి చాపిన ప్రతిసారి ఆయన ఎదుటి గోడమీది క్యాలెండరును చూచును. భీమవరములోని ఆ ల్యాబు క్యాలెండరులో ఏ పండుగ ఏ వారమున పడినదో ఆయనకు కంఠస్థము.

రెండేండ్ల క్రిందట ఆ వీరుని శరీరదుర్గమున మధుమేహమను శత్రువు, భేరి మ్రోగింపక, గోడ దూకక, దూరపు చుట్టమువలె చెప్పులు విడిచి లోనికి వచ్చి కూర్చుండెను. కూర్చున్న చుట్టము లేవలేదు. పొద్దున నొక మాత్ర, రాత్రి నొక మాత్ర దానికి కాపలా పెట్టిరి. రొట్టె యనగా జ్వరము వచ్చినవారి ఆహారమని ఉగ్గుపాలతో నేర్చుకొన్న డెల్టా పురుషుడు, జ్వరము లేకుండగనే జొన్నరొట్టె యెదుట కూర్చుండి, దానిని ఆ వైపును ఈ వైపును తిప్పి చూచి, నిట్టూర్చి నమలెను. కాకరకాయతో సంధి చేసికొనెను. అన్నమును ఒక కప్పునకు కుదించెను. అయినను ఉదయము అన్నము తినలేదన్న ధైర్యముతో ఇడ్లీలు ఆరు తినుచుండుటచే, అంకెలు దిగిరాలేదు.

ఆయన ఇల్లాలు సూర్యకళ ఒకనాడు ఆ ఇడ్లీల పళ్ళెము చూచి అనెను:

"రొయ్యలకి మేత పళ్ళెం పైకి లాగి, ఎంత తిన్నాయో చూసి, గ్రాములతో తూచి వేస్తారు. ఎక్కువైతే చెరువు పాడైపోద్దని ఊరందరికీ మీరే చెబుతారు. మరి ఈ చెరువు సంగతేంటి?"

వీరుడు తన పొట్ట వంక చూచుకొని, ఏడవ ఇడ్లీ తినలేదు.

కడపటికి భీమవరములోని వైద్యురాలు అశ్విని, కళ్ళజోడు సవరించుకొని తన శాసనము వినిపించెను.

"బాబాయిగారూ, ఈ వారం రోజులూ మధ్యాహ్నం భోంచేసిన రెండు గంటలకి ఇంట్లో మిషన్లో చూసుకుని నంబరు నాకు వాట్సాప్ చెయ్యండి. ఒక్కరోజు రెండు వందలు ముట్టుకున్నా ఇన్సులిన్ మొదలెడదాం."

"ముట్టుకుంటే అంటే, దాటితేనా అండి?"

"ముట్టుకుంటేనే."

"సూదేనా అండి? వేరే దారేదీ..."

"అదేం శిక్ష కాదండి. చాలామంది రోజూ హాయిగా పొడుచుకుంటున్నారు."

హాయియు, పొడుచుకొనుటయు ఒక్క వాక్యమందు ఇముడుట అప్పాజీ జీవితమున అదియే ప్రథమము. ఆనాటినుండి ఆయన ఇడ్లీలను రెండునకు దించెను, మధ్యాహ్నము తిని చెరువుగట్లు చుట్టి వచ్చెను. ఆరు దినములు ఆరు అంకెలు పోయినవి. ఒక్కటియు రెండు వందలు ముట్టలేదు. ఏడవ దినమున వియ్యాలవారి విందు పడెను.

అది ఎట్టి విందనగా, అప్పాజీ కుమారుడు యుగంధర్ ఈ మాఘమాసపు తొలి ముహూర్తముననే కొవ్వూరు సత్తియ్యగారి కుమార్తె లక్ష్మీదుర్గను పెండ్లాడెను. పెండ్లి తరువాత వియ్యంకుని మొట్టమొదటిసారి ఇంటికి పిలిచి పెట్టు భోజనము. దానికి పోకుండుట పగ. పోయి తినకుండుట అంతకంటె పెద్ద పగ.

కారు నిడదవోలు దాటుచుండగా సూర్యకళ ఒడిలోని సంచిని తడిమి చూచుకొనెను. అందులో షుగరు మిషను ఉన్నది.

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా."

"వదినగారికి ముందే ఒక మాట చెప్పేస్తే పోద్దిగా, మీకు షుగరని."

"చెప్పకు. సంబంధం మాట్లాడుకున్న రోజున సత్తియ్యగారు ఆరోగ్యం ఎలా ఉందండీ అంటే రాయిలా ఉన్నానన్నాను. పెళ్ళై నెల తిరక్కుండా రాయికి షుగరొచ్చిందంటే ఏం బాగుంటుంది?"

"రాళ్ళూ అరుగుతాయండి."

వీరుడు కిటికీలోనుండి అరటితోటలను చూచెను.

ఇక పంక్తిధర్మము తెలియనివారికి ఈ యుద్ధము అర్థము కాదు గనుక చెప్పెదను. పందిరి క్రింద బల్లలు వేసి, అరటియాకులు పరచి, మొదటి ఆకునొద్ద వియ్యంకుని కూర్చుండబెట్టుదురు. ఆయన లేచువరకు తక్కినవారు లేవరాదు. ఆయన మధ్యలో లేచినచో పంక్తి యంతయు ఎంగిలిచేతులతో ఆకలిగా లేవవలెను. ఆకుమీద ఏది మిగిలినను వంట బాగుండలేదని యర్థము. ఏది అయిపోయినను ఇంకను కావలెనని యర్థము. "వద్దండి" యను మాట మొదటిసారి మర్యాదకును, రెండవసారి మొహమాటమునకును చెల్లిపోవును. చేయి యడ్డు పెట్టినచో వడ్డన చేతిమీదనే పడును. లోనికి పోవుటకు నూరు దారులుండి, వెలుపలికి ఒక్కటియు లేని వ్యూహమిది.

అట్టి వ్యూహముఖమున అప్పాజీ కూర్చుండెను. కుడివైపున సత్తియ్యగారు, ఎడమవైపున సత్తియ్యగారి పినతండ్రి గంగాధర్‌గారు. ఎదుటి వరుసలో సూర్యకళ. వడ్డనకు స్వయముగా దిగినది వియ్యపురాలు పెద్దింట్లమ్మ. ఆమె చీరకొంగు బిగించి, చేతులకు గాజులు వెనుకకు త్రోసి, పళ్ళెము పట్టి వచ్చుచుండగా, ఎదురు నిలువగల వియ్యంకుడు ఆ గట్టున గాని ఈ గట్టున గాని లేడని చూచినవారికెల్ల తోచెను.

ఆకు కొసన మొదట వ్రాలినది పూతరేకు.

తెల్లని పట్టుపంచె మడచినట్లు, నేతి వాసనతో, గాలికే అదరుచు అది ఆకుపై శయనించి, వీరుని వంక చూచి ఇట్లు ధిక్కరించినట్లుండెను:

"ఓయి జలచరాధిపా! కాగితమువంటి దేహము దీనిది, ఊదిన నెగిరిపోవునని తలచుచున్నావు కాబోలు. నిప్పులపై కాగిన కుండవీపున పొరపొరగా జన్మించితిని. నా మడత మడతలోను పంచదార సేనలు దాగియున్నవి. నేతి కందకములు నన్ను చుట్టియున్నవి. మహామహులు 'ఒక్కటే కదా' యని నన్ను పిలిచి, పదియవదాని యొద్ద లెక్క మరచిరి. నిన్ను రెండు వందల గుమ్మము ముట్టించి, సూది చేతికి అప్పగించి గాని నేను కరుగను. రమ్ము!"

అది విని అప్పాజీ హృదయము గర్జించెను: "తెల్లతెరవంటి దానవు, నీ బెదిరింపులకు బెదరుదునా? నేను ఉప్పునీటి వరదలో గట్టు తెగినపుడు నడుములోతు నిలిచి బస్తాలు వేసినవాడను! నిన్ను కంటితో చూచి, చేతితో ముట్టక, ధర్మముగా వెనుకకు పంపెదను!"

నోరు మాత్రము ఇట్లనెను: "చాలండి."

"ఒక్కటే వేశానండీ అన్నయ్యగారూ. ఇప్పుడే చాలంటారేంటి," అని పెద్దింట్లమ్మ కదలిపోయెను.

తరువాత రొయ్యల వేపుడు, కొరమేను పులుసు, గోంగూర, వంకాయ, పప్పు, నడుమ అన్నపు గుట్ట వచ్చి చేరెను. అప్పాజీ యుద్ధనిపుణుడగుటచే ఒక ఉపాయము పన్నెను. ఆకుమీది యిన్నింటిలో శత్రువు ఒక్కడే. వానిని మొదట హతమార్చినచో మిగిలిన పొద్దంతయు చేపలతో ప్రశాంతముగా గడుపవచ్చును. ఇట్లు తలచి, పప్పు కలుపక, కూర ముట్టక, మొట్టమొదట పూతరేకును మూడు గుటకలలో ముగించెను.

ఈ డెల్టాలో పుట్టి పెరిగినవాడు చేయరాని పొరపాటు అదియే.

పెద్దింట్లమ్మ పందిరి ఆ చివరనుండి చూచెను. ఖాళీయైన ఆకుకొస ఆమెకు గోదావరి అవతలినుండియైనను కనబడును.

"చూశారా వదినగారూ," అని సూర్యకళతో అనెను. "అన్నయ్యగారు కూర ముట్టకుండా ముందు పూతరేకే తిన్నారు. అంత ఇష్టమున్నవాళ్ళు చాలంటారా."

"ఇష్టం కాదండి," అని అప్పాజీ చేయి యడ్డు పెట్టెను. ఒక పూతరేకు ఆకుమీదను, ఒకటి చేతిమీదను పడెను.

సూర్యకళ పక్కనున్న సంచిపై రెండుమార్లు వ్రేలితో తట్టెను. ఆ చిన్న చప్పుడు అప్పాజీకి రణభేరికంటె గట్టిగా వినబడెను. అటుపై ఆయన ఎన్నో యుక్తులు చూచెను. పూతరేకును అన్నము క్రింద దాచబోయిన, అది పొడియై ఆకంతయు తెల్లబడి ద్రోహము బయటపెట్టెను. మాటలలో పెట్టి మరపింపబోయిన, గంగాధర్‌గారు అడ్డువచ్చిరి.

"తినండల్లుడుగారూ. మాటలకేం, పొద్దుగూకా ఉంటాయి."

వీరుడు రెండవ పూతరేకును సగము కొరికెను. ఇంతలో గరిట నిండ పరవాన్నముతో పెద్దింట్లమ్మ తిరిగి వచ్చుచుండెను. దానిలో ద్రాక్షలు తేలుచుండెను. ఒకవైపు రాయి యను కీర్తి, మరియొకవైపు సూది. కీర్తి పోయినచో ఒక్కసారే పోవును. సూది రోజూ వచ్చును.

"చెల్లెమ్మగారూ, గరిట ఆపండి."

పందిరి క్రింద చేతులన్నియు ఆగెను.

"నాకు షుగరండి. రెండేళ్ళ నుంచి. సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పలేదు. పిల్లలకేం లేదండి, నాకే. ఇవాళ తిన్నాక రెండు వందలు ముట్టుకుంటే రేపటినుంచి నాకు ఇంజక్షను. నేను దేనికీ భయపడనండి. సూదికి భయం."

ఈ సారి హృదయమును నోరును ఒక్క మాటయే పలికెను. అప్పుడే వంతెనమీద రైలు పోగా, పాత్రలన్నియు గలగలలాడెను.

పెద్దింట్లమ్మ గరిట దించెను. ఆమె ముఖమున కోపము లేదు, దయ పొంగిపొరలెను. ఆ దయయే ఘోరాస్త్రమని వీరుడెరుగడు.

"అయ్యో అన్నయ్యగారూ, ఈ ముక్క ముందే చెప్పకూడదా? మొహమాటమేంటండి? షుగరున్నవాళ్ళకని బెల్లం పూతరేకులు వేరే చేయించాం. మా ఆయనకీ అవే పెడతాను."

పంక్తి యావత్తు సత్తియ్యగారివైపు తిరిగెను. సత్తియ్యగారు పప్పన్నము కలుపుచు కలుపుచు తలయెత్తలేదు.

"బావగారూ," అనెను అప్పాజీ. "మీరు ఉక్కులా ఉన్నానన్నారు."

"మీరు రాయన్నారుగా మరి. రాయి ముందు ఏమనాలి?"

సూర్యకళ కొంగు నోటికడ్డు పెట్టుకొని నవ్వెను. ఆ నవ్వు చల్లారకమునుపే పెద్దింట్లమ్మ లోనికి పోయి, గోధుమవన్నె పూతరేకుల పళ్ళెముతో ప్రత్యక్షమయ్యెను. పోయిన సేనకంటె వచ్చిన సేన పెద్దది. పైగా అది వైద్యవేషము ధరించి యున్నది.

"వదినగారూ," అనెను సూర్యకళ, "డాక్టరమ్మగారు బెల్లమూ పంచదారా అక్కచెల్లెళ్ళే అన్నారండి."

"అక్కచెల్లెళ్ళయితే ఏంటండి, పెద్దది నెమ్మదస్తురాలు."

"బెల్లం మందు, అల్లుడుగారూ," అని గంగాధర్‌గారు సాక్ష్యము పలికిరి. "నాకు మీకంటే ముందొచ్చింది షుగరు. రోజూ బెల్లమే తింటా. ఏమైందేంటి?"

"కాలి వేలు తీసేశారుగా బాబాయ్," అనెను సత్తియ్యగారు మెల్లగా.

"అది చెప్పు కరిచింది."

బల్ల క్రింద ఆ పెద్దాయన పాదము రబ్బరు చెప్పులో ఒకప్రక్కకు వాలియుండుట అప్పాజీకి అప్పుడే కనబడెను. ఆ క్షణమున సూది భయము కొంచెము పక్కకు జరిగి, దాని వెనుకనుండి ఇంకొకటి తొంగిచూచెను.

పెద్దింట్లమ్మ బెల్లము పూతరేకు పట్టుకొని అట్లే నిలుచుండెను. పెట్టుట తప్పేమో యను సందేహము ఆమె జీవితమున మొదటిసారి కలిగినట్లుండెను. పెట్టక వెనుకకు తీసికొనిపోవుట ఆమె చేతులకు తెలియని విద్య. వేకువనుండి పొగలో నిలుచున్న ఇల్లాలు. ఆమె కన్నులింకను ఎర్రగానే యున్నవి. శత్రువు పూతరేకే గాని ఈమె కాదని వీరుడు గ్రహించెను. అంతట, ఆరు చెరువుల మేతలెక్కలు తెలిసిన ఆ తలలో మెరుపువలె ఒక యోచన మెరిసెను.

"చెల్లెమ్మగారూ. ఆ కొరమేను పులుసు మీ చేత్తోనే చేశారా?"

"నేనే చేశానండి. బాగోలేదా?"

"ఇంతవరకు అన్నంలో కలుపుకోలేదండి, ఉత్త ముక్కే తిన్నాను. అన్నం లేకుండా ముక్కలు ఎన్ని వేసినా కాదనను. డాక్టరమ్మగారు చేపకి మాత్రం లెక్క చెప్పలేదు."

ఆమె ముఖము వెలిగెను. పళ్ళెమును బల్లచివర పడవేసినట్లే పెట్టి, వంటపాకలోనికి పరుగువంటి నడకతో పోయి, పులుసు గిన్నెనే ఎత్తుకొని వచ్చెను. అప్పుడు జరిగినది వడ్డన కాదు, అభిషేకము. తలకాయ ముక్క పడెను, నడుము ముక్క పడెను, తోక ముక్క పడెను. అప్పాజీ ఒక్కొక్క ముక్కను ముండ్లు ఏరి, అన్నపు గుట్టనుండి ఒక్క కప్పు తీసికొని తక్కినది కదపక, ఒక్కసారియు "వద్దండి" యనక తినెను. చాలింపనివానికి వడ్డించుటలో గల ఆనందమును ఆ ఇల్లాలు కడుపునిండ అనుభవించెను.

"ఆయనకి వేసినట్టే నాకూ వెయ్యి," అనిరి సత్తియ్యగారు. ఆయన ఆకులో తీపి ముట్టనే లేదు.

"మీకు నిన్నా ఇదే చెప్పాను, విన్నారా?" అని ఆమె ఆయనకును వేసెను.

పంక్తి లేచిన పిమ్మట, తక్కినవారు మంచములపై భుక్తాయాసముతో సోలియుండగా, వియ్యంకులిద్దరును గోదావరి గట్టున నడచిరి. నదిలో ఇసుక పడవలు పోవుచుండెను. ఇద్దరును తమ రహస్యము బరువు దించుకొనిన కూలీలవలె భుజములు సడలించి నడచుచుండిరి.

"బావగారూ, మీకేం మాత్ర?" అని సత్తియ్యగారు ముందడిగిరి.

"మెట్‌ఫార్మినండి. మీకూ?"

"అదే. మొదట్లో కడుపులో..."

"చెప్పకండి. మొదటి వారమంతా నా కడుపులో, చెరువు నీళ్ళు చిలికే ఏరియేటర్లు నాలుగు తిరిగాయి."

"నాకు గేదె ఈనినట్టు ఉండేది. సంబంధం మాట్లాడ్డానికి వచ్చిన రోజున మీ ఇంట్లో రెండుసార్లు పెరట్లోకి వెళ్ళింది అందుకే."

"మీరు చెరువులు చూడ్డానికి వెళ్ళారనుకున్నాం."

"చెరువులూ చూశానండి."

రేవుదాక పోయి, మరల తిరిగి, మరల పోయిరి. చెమట పట్టువరకు నడచిరి. సమయమాసన్నమైనదని సూర్యకళ ఫోను చేయగా, వీరుడు ఇంటి అరుగుపై ఆసీనుడై, ఎడమచేయి చాచి, ముఖమును గోదావరివైపు త్రిప్పుకొనెను. పెద్దింట్లమ్మ, కోడలు లక్ష్మీదుర్గ, యుగంధర్, సత్తియ్యగారు చుట్టు మూగిరి. అరుగు కొసన గంగాధర్‌గారు చుట్ట పట్టుకొని కూర్చుండిరి; వెలిగింపలేదు.

"అయిందా?"

"ఇంకా పొడవలేదండి."

"మరి నొప్పి వేసింది."

"వేలు పట్టుకున్నానంతే."

సూర్యకళ పొడిచెను. ఆవగింజంత రక్తబిందువు ఉదయించెను. మిషను దానిని పీల్చుకొని, క్షణకాలము గడులు గడులుగా మెరిసెను. ఆ క్షణమున ఆ అరుగుమీద ఊపిరి తీసినది కొబ్బరిచెట్టు మాత్రమే. సూర్యకళ చూచెను. మరల చూచెను. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకొని చదివెను.

"నూట తొంభై తొమ్మిది."

"సరిగా చూడు."

"ఒకటి, తొమ్మిది, తొమ్మిది. మీరే చూడండి."

ఫోటో తీసి యుగంధర్ భీమవరమునకు పంపెను. వీరుడు తలుపు చాటునున్న నేరస్థునివలె జవాబుకై వేచెను. ఫోను మ్రోగెను. వైద్యురాలు వ్రాసినది ఇది: "ముట్టుకోలేదు. ప్రస్తుతానికి మాత్రలే. నెల తర్వాత మళ్ళీ చూద్దాం. ఇవాళ ఎవరింట్లో భోజనం?"

యుగంధర్ అది పైకి చదువగా అరుగంతయు నవ్వెను. గంగాధర్‌గారు నవ్వలేదు. ఆయన మెల్లగా జరిగి వచ్చి, చుట్టను చెవిమీద పెట్టుకొని, చేయి చాచెను.

"అమ్మా సూర్యకళా, సూదింకోటి ఉంటే నాదీ చూడమ్మా. ఊరికే, తెలుసుకుందామని."

వినుడు, వినుడు! భూమండలమందు ఎందరో రాజులు రాజ్యములను గెలిచిరి, నదులను దాటిరి, కోటలను కూల్చిరి. వారి సంగతి వారిది. ఈ గాథను భోజనమునకు ముందు చదివినవారికి ఒక ముద్ద తగ్గును, భోజనమునకు తరువాత చదివినవారికి రేవుదాక నడక కలుగును. మాఘమాసమున ఒక మధ్యాహ్నము, కొవ్వూరు గోదావరి గట్టున, మొగల్తూరు చెరువుల కధిపతియగు అప్పాజీ, మూడు పూతరేకులలో ఒకటిన్నర తిని, ఒకటిన్నర ఆకుమీదనే మిగిల్చి, వియ్యపురాలి మనసు నొప్పింపక, ఒకే ఒక్క అంకె తేడాతో, ఒక నెలపాటు, సూదిని జయించెను.